ఎటూ పోని మట్టి

వడపోత పంటు దినచర్య. ఎగువ పంట్లవాడ, గోదావరి.
రాస్తున్నది ముమ్మిడి గవర్రాజు, వడపోత బాధ్యుడు.

నమోదు 411. పునర్వసు కార్తె, మొదటి పాదం

ఎర్రనీరు దిగింది. తెల్లవారేసరికి నది రంగు మారిపోయి, ఇళ్లు మోస్తూ నది మీద తేలే మన పంట్ల వరుస మొత్తం పలచని ఇటుక బురద మీద తేలుతున్నట్టు కనిపించింది. బిందెడు నీరు ముంచి పక్కన పెట్టి చూశాను. ముతక మట్టి కాసేపటికే అడుగుకు చేరింది. సన్నమట్టి మాత్రం సాయంత్రానికి కూడా దిగలేదు. అది దానంతట అది దిగే రకం కాదు.

ఎర్రనీటికి ముందు చేయవలసిన పనులన్నీ ముగించాను. గొట్టాలు కడగడం, తీగెలు తుడవడం, ఏటివాలున తిరిగే నీటి చక్రాలకు కందెన, పైకప్పు మీది సౌర పలకలకు నీళ్లు. ఈ నాలుగింటినీ ఇదే క్రమంలో చేయాలి. క్రమం తప్పితే చేతికంటిన కందెన తీగెలకు అంటుతుంది.

నా తరువాత ఈ పంటు చూసుకునేవారి కోసం పద్ధతి మరొకసారి రాస్తున్నాను. మన దగ్గర ఉన్నవి పింగాణీ వడపోత గొట్టాలు. గొట్టం గోడ నిండా కంటికి ఆనని రంధ్రాలు. నదినీరు గొట్టం లోపల పారుతుంది, తేటనీరు గోడలోంచి బయటికి చెమరుస్తుంది. మట్టి ఆ గోడకు పట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. పూర్వం ఆ పూడికను క్షారంతోనూ బ్లీచింగుతోనూ వదిలించేవారు. ఆ మందులు గట్టు మీద నుంచి రావడం ఆగిపోయి చాలాకాలమైంది. కొత్త గొట్టాల సంగతి అడగనే అక్కరలేదు.

అందుచేత నేను చేసిన ఏర్పాటు ఇది. గొట్టం నడుమ ఒక తీగె, గొట్టం బయట చుట్టూ ఒక లోహపు వల. తీగెకు ధన విద్యుత్తు, వలకు ఋణ విద్యుత్తు. నదిమట్టి రేణువు తనలో ఋణ విద్యుత్తును మోస్తూ వస్తుంది గనుక, గోడను వదిలి నడుమనున్న తీగె వైపు జరుగుతుంది. పారే నీరు దానిని అక్కడి నుంచి బయటికి తోసుకుపోతుంది. విద్యుత్తును ఎడతెగకుండా ఇవ్వకూడదు, గుండె కొట్టుకున్నట్టు విడతలు విడతలుగా ఇవ్వాలి. ఎడతెగకుండా ఇస్తే నీరు కాగుతుంది, బుడగలు లేస్తాయి, తీగె అరిగిపోతుంది.

ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. మోటార్లకు తీగె చుట్టే పని చేసుకుంటూ, మునిగిన కాలేజీలోంచి పడవలో ఎత్తుకొచ్చిన తడిసిన పుస్తకాలను ఎండబెట్టుకుని చదివాను. బడాయి అనుకునేవారు అనుకోవచ్చు. గోదావరి మీద మందు చుక్క వాడకుండా ఎర్రనీటిని వడపోసే ఊరు మాదొక్కటే.

సాయంత్రం సభలో సరంగు గంటాలమ్మ గారు నదీసంఘం కబురు చదివారు. మా పంట్ల వరుసకు పెద్ద ఆమే, తాడు కట్టాలన్నా విప్పాలన్నా ఆమె మాటే. మఖ కార్తెలో పరీక్ష ఉంటుంది. ఇంటికి రోజుకు ఎనిమిది బిందెల మంచినీరు ఇవ్వలేని ఊరికి మోకులు విప్పేస్తారు. అంటే పంట్లను విడదీసి, కుటుంబాలను గట్టు మీది ఊళ్లలో ఎక్కడ చోటుంటే అక్కడ పంచుతారు. కిందటేడు నడిమి పంట్లవాడకు అదే జరిగింది. నా బావమరిది నూకరాజు అత్తవారిది ఆ ఊరే. మామగారు ఇప్పుడు కొండల్లో ఉన్నారు, అత్తగారు ఉప్పుమడుల దగ్గర ఉన్నారు. ఒకే చోట ఇద్దరికి చోటు దొరకలేదట.

"గవర్రాజు గారూ, మీ గొట్టాలేమంటున్నాయండి?" అని గంటాలమ్మ గారు అడిగారు.

"పన్నెండు బిందెలకు లోటుండదండి. నీరు కాస్త తేటగా వస్తే గొట్టాలకూ సులువు, నాకూ సులువు. ఎర్రనీటి కాలంలో ఆ మాత్రం బరువు తప్పదు," అన్నాను.

మాటవరసకు అన్న మాట అది. (దానిని ఇక్కడ చేర్చింది తరువాత, 422వ నమోదు రాశాక.)

నమోదు 414. పునర్వసు, మూడో పాదం

పన్నెండు బిందెలు, ఒక్కొక్క రోజు పన్నెండున్నర.

ఈ ఏడు ఎర్రనీరు మెత్తబడుతున్నట్టుంది. నదినీటిని గొట్టాలకు తెచ్చే తూము నోట్లో నీరు మునుపటికంటే తేటగా కనిపిస్తోంది. గ్లాసులో ముంచి ఎండకు పట్టి చూస్తే, మట్టి అంతా కలిసిపోయి ఉండక, నూకల్లా విడివిడిగా తేలుతోంది. అంతకుముందెన్నడూ అలా చూడలేదు. శుభమే అనుకున్నాను.

నా పంటు నిచ్చెనకు ఊడిపోయిన మెట్టును ఎవరో బిగించిపోయారు. ఎవరని అడగలేదు. మా ఊళ్లో అడగరు. ఈ ఊరు కట్టిన కొత్తలో, అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఒకరి దగ్గర చెయ్యి చాపడానికి సిగ్గుపడేవారట. అప్పుడు పుట్టిన ఆచారమిది, చాటుచెయ్యి అంటాం. సాయం చేసినవారు చెప్పకూడదు. అందుకున్నవారు అడగకూడదు, వద్దనకూడదు. వద్దంటే ఆ ఇంటి గుమ్మం తొక్కనన్నట్టే లెక్క. నోటితో చెప్పకూడదన్నారు గాని రాయకూడదని ఎవరూ అనలేదు గనుక మెట్టు సంగతి రాశాను.

నమోదు 417. పుష్యమి కార్తె, మొదటి పాదం

పది బిందెలు.

నీరు ఇంకా తేటపడింది, వడపోత మాత్రం తగ్గింది. రెండూ ఒకేసారి జరగకూడదు. కారణం నా ఏర్పాటులోనే ఉండాలనుకుని, తీగె నుంచి వల దాకా ఒక్కొక్కటీ విప్పి చూశాను. తీగెలు బాగున్నాయి. వలలు బాగున్నాయి. చక్రాలు తిరుగుతున్నాయి. విద్యుత్తు వెళ్తోంది. జాబితాలో ప్రతి అంశం పక్కనా సరి గుర్తు పడింది. అన్నీ సరిగా ఉండి ఫలితం సరిగా లేకపోవడం నా అనుభవంలో లేదు.

నూకరాజు వచ్చాడు. పడవలు కట్టే వడ్రంగి. నన్ను ఏడిపించకుండా ఒక పూట గడవదు వాడికి.

"ఏంటి బావా, నీ గొట్టాలకి పడిశం పట్టిందా?"

"పట్టింది. నీ నోటికి పట్టకపోవడమే లోటు."

"ఊరుకో బావా. నీళ్లు చూస్తే పన్నీరులా ఉన్నాయి. ఇంత తేటనీళ్లు వడకట్టలేవా? మా ఆవిడ పైటచెంగుతో వడకట్టేస్తుంది."

నవ్వాను గాని, ఆ మాట నాకు లోపలెక్కడో గుచ్చుకుంది. వాడన్నది నిజం. ఇంత తేటనీటిని వడకట్టలేకపోతున్నాను.

నమోదు 419. పుష్యమి, రెండో పాదం

తొమ్మిది బిందెలు. ఒక గొట్టం విప్పి లోపలి గోడను వేలితో గీశాను. మామూలుగా ఉండే గరుకు మట్టి కాదు. మీగడలా మెత్తగా, జారుగా ఉంది. నీటిలో పెట్టి విద్యుత్తు ఇచ్చాను. మామూలు పూడికైతే పొర పొరగా లేచి తీగె వైపు పోతుంది. ఇది కదలలేదు. బలం పెంచాను. నీరు వేడెక్కింది, బుడగలు వచ్చాయి, పూడిక అలాగే కూర్చుంది.

గంటాలమ్మ గారు వచ్చి గొట్టంలోకి తొంగిచూశారు.

"దీనికి మందేమీ లేదంటారా?"

"ఆలోచిస్తున్నానండి."

"ఆలోచించండి. మఖ కార్తెకింకా టైముంది." వెళ్తూ వెళ్తూ మళ్లీ వెనక్కి తిరిగారు. "నా కోడలు నెల తప్పిందండి. మోకులు విప్పేస్తే ఆ పిల్ల పుట్టిల్లు ఓ దిక్కు, మేమో దిక్కు. కంగారు పెట్టడానిక్కాదు, ఊరికే చెప్తున్నా."

నమోదు 422. పుష్యమి, నాలుగో పాదం

ఎనిమిది. గీత మీద నిలబడి ఉన్నాం.

ఈరోజు అసలు సంగతి తెలిసింది. గాజు లోటాలో తూము దగ్గరి నీరు పోసి, రెండు తీగెలు ముంచి చూశాను. మట్టి ధన తీగె వైపు పోవాలి. పోలేదు. ఋణ తీగె వైపూ పోలేదు. నడుమనే తచ్చాడి, నూకలు నూకలుగా అడుగుకు దిగిపోయింది. తరువాత తూముకు చాలా ఎగువన, పంట్ల వరుస మొదలు దాటి, నడినదిలో ముంచుకొచ్చిన నీటితో అదే చేశాను. అందులోని మట్టి బుద్ధిగా ధన తీగె వైపు పోయింది.

అంటే నదికీ నా తూముకూ మధ్య ఎవరో మట్టి విద్యుత్తును చంపేస్తున్నారు. ఎదురు విద్యుత్తు ఉన్నదేదో నీటిలో కలుస్తోంది. తూము నోటి దగ్గరి చెక్కను తడిమితే నూనె జిడ్డు తగిలింది. వాసన చూశాను. పచ్చిగా, కాస్త కారంగా ఉంది. ఆ వాసన ఎరుగని ఇల్లు మా ఊళ్లో ఉండదు. ప్రతి పంటు మీదా డ్రమ్ములో ఒక మునగచెట్టు ఉంది.

మునగగింజల పొడి. దానిలోని సత్తువ ధన విద్యుత్తుది. ఋణ విద్యుత్తు ఉన్న మట్టికి అది పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం మాని ముద్దకడతాయి. అందుకే నీరు తేటగా కనిపిస్తోంది. అందుకే నా తీగెలకు మట్టి లొంగడం లేదు. మునగగింజ నీటిని తేర్చుతుందని నాకూ తెలుసు, అమ్మమ్మలందరికీ తెలుసు. దానిని నా తూములో వేస్తారని మాత్రం ఊహించలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నా భార్య మంగతాయారుతో ఇలా మాట్లాడాను.

"ఈమధ్య మునక్కాయ పులుసు పెట్టడం లేదేం?"

"కాయలు ముదిరిపోయాయండి."

"ముదిరితే గింజలుంటాయిగా?"

"ఉంటాయి."

"అవేం చేస్తున్నారు?"

"గింజల్నేం చేస్తారండీ? గింజల్లా ఉంటాయి." నా కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది. ఆమె వేళ్ల కొనలు పాలిపోయి, గోళ్ల సందుల్లో తెల్లటి పొడి ఉంది.

"అందరి ఇళ్లల్లోనూ ముదిరిపోయాయా?"

"ఊరందరికీ ఒకేసారి ముదురుతాయి కదండీ. తినండి, చల్లారిపోతోంది."

ఆమె మొహంలో నేనిరవై ఏళ్లుగా ఎరిగిన ఒక తృప్తి కనిపించింది. నాకు తెలియకుండా నా బరువు మోస్తున్నాననే తృప్తి. ఊళ్లో ఆడవాళ్లంతా రోజూ గుప్పెడు గుప్పెడు తెచ్చి నా తూములో వేస్తున్నారు. ఆనాడు సభలో నేనన్న ఆ ఒక్క మాటకే.

ఊరు మునిగేది ఊరి ప్రేమ వల్లనే అయితే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? అయినా ఒక విషయం నిజాయితీగా రాయాలి. చేతులు కడుక్కుంటున్నప్పుడు నాకు కలిగినది బాధ ఒక్కటే కాదు. నా కోసం ఇంతమంది గింజలు నూరుతున్నారన్న గర్వం కూడా అందులో ఉంది.

నమోదు 423. ఆశ్లేష కార్తె, మొదటి పాదం

వద్దని చెప్పలేను. చెప్పకుండా ఉండనూ లేను. అందుచేత సభలో చుట్టుదారిన చెప్పాలని నిశ్చయించుకుని, మాటలు ముందుగా కూర్చుకుని వెళ్లాను.

"నీరు మురికిగా వచ్చినా మా గొట్టాలకు ఏ ఇబ్బందీ లేదండి. ఎంత మురికైనా నేను చూసుకోగలను. నా గురించి ఎవరూ బెంగ పెట్టుకోవద్దు," అన్నాను.

సభలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక వరుసలో ఒక ముసలావిడ కొంగు కళ్లకు అద్దుకుంది.

"ఎంత మంచోరండీ బాబూ," అంది పక్కావిడతో. "ఒక్కరే పడతారంట."

ఈ నమోదు ముగిస్తున్నది మరునాడు. తూములో పొడి రెట్టింపైంది.

నమోదు 424. ఆశ్లేష, మొదటి పాదం

ఏడు బిందెలు. ఇప్పుడు కొంత మట్టికి ధన విద్యుత్తు ఎక్కువై, నా వలలు దానిని గోడకేసి లాగుతున్నాయి. నా ఏర్పాటే గొట్టాలను పూడుస్తోంది. తీగెకూ వలకూ విద్యుత్తు దిక్కు మార్చి చూశాను. గోడకు పట్టిన పొరలో కొంత ఊడింది, కొంత ఊడలేదు. ఒక ఇంటివాళ్లు మెత్తగా నూరుతారు, ఇంకొక ఇంటివాళ్లు కచ్చాపచ్చాగా దంచుతారు. పొద్దున ఎక్కువ పడుతుంది, మధ్యాహ్నం తక్కువ పడుతుంది. నీరు గంటకొక స్వభావంతో వస్తోంది. ఒక్కటి మాత్రం నిలకడగా ఉంది. ఎక్కువ భాగం మట్టి ఎటూ పోనిదే.

నూకరాజు ఈరోజు ఏడిపించలేదు. దానికి నాకు మరీ భయం వేసింది. "బావా," అన్నాడు, "మోకులు విప్పితే మనిద్దరికీ ఒకే ఊళ్లో చోటిస్తారంటావా?"

"విప్పరు."

"నిజంగా అంటున్నావా, నాకోసం అంటున్నావా?"

వాడి చేతికి ఒక గొట్టం ఇచ్చి, రెండో కొస పట్టుకోమన్నాను.

నమోదు 425. ఆశ్లేష, రెండో పాదం

లోటాను మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఎటూ పోని మట్టి అని రాస్తూ వచ్చాను. అది తప్పు. ఆ మట్టి ఎటో ఒకవైపు పోతూనే ఉంది. కిందికి పోతోంది. లోటా కదపకుండా ఉంచితే, నది మట్టిలో ఏనాడూ దిగని సన్నరకం కూడా ముద్దలు ముద్దలుగా దిగిపోయి, పైన అద్దం లాంటి నీరు నిలుస్తోంది. మా ఆడవాళ్ల పొడి చేస్తున్న పని సరైన పనే. నేనే దానికి దిగే చోటివ్వలేదు. తూములోంచి నేరుగా గొట్టాల్లోకి లాగేస్తున్నాను.

కావలసింది నిలకడైన నీరు. నది మీద నిలకడైన నీరెక్కడ దొరుకుతుంది? ఒక పంటు కడుపులో. పెద్ద కడుపున్న ఖాళీ పంటు కావాలి. ఖాళీ పంటు ఊళ్లో లేదు. ఎవరినైనా అడిగితే ఎందుకని అడుగుతారు, చెప్తే చాటుచెయ్యి చెడిపోతుంది.

కనుక నేను అడగగలిగిన పంటు ఒక్కటే. మా ఇల్లు.

మా ఇంటి నేలకింద, పంటు కడుపులో, మా సామాను ఉంది. సామాను అంటే చాలావరకు నాది. తీగె చుట్టలు, ఆరబెట్టిన పుస్తకాలు, సీసాలు, పరిమాణం వారీగా కట్టి పేరు చీటీ అంటించిన మేకులు. అందులోకి నీరు వదిలితే ఇల్లు కిటికీల అంచుల దాకా కుంగుతుంది. కాపురం ఉండటానికి పనికిరాదు.

"తాయారూ," అన్నాను, "మనం కొన్నాళ్లు వడపోత పంటు మీద పడుకుందామా?"

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఇల్లేం చేస్తారండీ?"

"కడుపు నింపుతాను. నీటితో. నీరు మన ముంగిట్లోంచి లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, వెనక నుంచి గొట్టాలకు పోతుంది."

"కూర్చోవడం దేనికండీ?"

"నీటిలో ఏమైనా ఉంటే దిగుతుందని."

చెయ్యి ఆగింది. ఆమె తలెత్తి నావైపు చూసింది. అడగకూడనిది అడగలేదు. చెప్పకూడనిది నేను చెప్పలేదు. ఆమె మొహంలో మొదట ఒక భయం, తరువాత సిగ్గు, ఆ తరువాత నవ్వు వచ్చాయి.

"తూము నోరు ఎక్కడుంటుందండీ అయితే?"

"మన గుమ్మం ముందు."

"నోరు వెడల్పుగా పెట్టించండి," అని మళ్లీ బియ్యం ఏరుకోసాగింది. "మీ మేకుల సంచులు నేను మోయను గానీ, పుస్తకాలు మోస్తాను."

నమోదు 427. ఆశ్లేష, మూడో పాదం

నూకరాజు పనిలో దిగాడు. పంటు కడుపులో అడ్డంగా రెండు పలకల గోడలు కట్టాడు. నీరు మొదటి గోడ కిందనుంచి వచ్చి, రెండో గోడ మీదనుంచి మెల్లగా పొర్లాలి. పంటు ఊగినా అడుగు మట్టి లేవకుండా కింద వెదురు తడకలు పరిచాడు. అడుగున చేరిన బురదను తోడటానికి గొట్టం పెట్టాడు.

"సొంతిల్లు ముంచుకునే మొనగాణ్ణి నిన్నే చూస్తున్నా బావా," అన్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు. వాడి భార్యకూ గోళ్ల సందుల్లో తెలుపుంది.

నీరు వదిలాం. ఇల్లు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కుంగింది. కిటికీ అంచుకు జానెడు కింద నీరు ఆగింది. లెక్క ప్రకారం అంతే ఆగాలి.

నమోదు 429. ఆశ్లేష, నాలుగో పాదం

పది బిందెలు. కడుపులోంచి పొర్లి వచ్చే నీటిలో ముద్దలు లేవు. ముద్దకట్టకుండా మిగిలిన సన్నమట్టికి దాని ఋణ విద్యుత్తు దానికే ఉంది. అది నా తీగెలకు ఎప్పటిలాగే లొంగుతోంది. గోడకు పట్టిన పాత మీగడ పొరను, రోజుకొకసారి విద్యుత్తు దిక్కు కాసేపు మార్చి, మళ్లీ మామూలుకు తెచ్చి, విడతల వారీగా ఊడదీస్తున్నాను. ఈ ఉదయం ఒక పొర గొట్టం పొడవునా ఒక్కటిగా లేచి, పాము కుబుసంలా బయటికి వచ్చింది. దానిని పళ్లెంలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇంత అందమైన మురికిని నేను ఇంతవరకు చూడలేదు.

వచ్చిన కొత్త చిక్కు ఏమిటంటే, తూము నోరు ఇప్పుడు మా గుమ్మం ముందుంది. చాటుగా వేయవలసినవాళ్లు నా ఎదుటికి రావలసి వస్తోంది. పొద్దున ఇద్దరు ఆడవాళ్లు కొంగు కింద గిన్నె దాచుకుని వచ్చి, నన్ను చూసి నిలబడిపోయారు.

"ఏం లేదండి," అంది ఒకావిడ. "ఊరికే వచ్చాం."

"గాలి బాగుంది కదండి ఇక్కడ," అంది రెండో ఆవిడ.

"చాలా బాగుందండి," అని నేను పంటు వెనక వైపుకు వెళ్లి, అక్కరలేని తాడొకటి విప్పి మళ్లీ కట్టాను. తిరిగి వచ్చేసరికి నీటి మీద తెల్లటి పొడి నిదానంగా తిరుగుతోంది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఆ వేళకు వెనక వైపు నాకేదో ఒక పని ఉంటోంది. ఊరందరికీ ఆ వేళ తెలిసిపోయింది. అవ్వలు కొందరు నా దగ్గు వినిపిస్తే గాని రారు. నేను వెనక ఉన్నానని తెలియడానికి దగ్గాలట. దగ్గుతున్నాను.

నమోదు 432. మఖ కార్తె, మొదటి పాదం

పరీక్ష ఈరోజే జరిగింది.

నదీసంఘం తరఫున వచ్చినావిడ పేరు సలీమా. సన్నగా, పొడుగ్గా ఉంది, తక్కువ మాట్లాడింది. తనతో తెచ్చుకున్న పెట్టెలోని పరికరాలతో ఉదయం నుంచి సాయంత్రం దాకా కొలిచింది. వడపోత పంటు నుంచి ఇంటింటికీ వెళ్లే గొట్టాల్లో తనే చెయ్యి పెట్టింది. ఊరంతా పంట్ల అంచుల మీద నిలబడింది. గంటాలమ్మ గారి కోడలు గుమ్మంలోనే కూర్చుంది.

కొలతలు ముగించి ఆవిడ అంది: "ఇంటికి పదమూడు బిందెలు. నీరు పరీక్షకు నెగ్గింది."

ఎవరూ కేకలు వేయలేదు. నూకరాజు ఒక్కడే పక్కవాడి వీపు మీద గట్టిగా చరిచాడు. పక్కవాడిని నేనే.

"ఎర్రనీటిలో ఇంత రావడం నేనెక్కడా చూడలేదు," అంది సలీమా. "విద్యుత్తు ఏర్పాటు చూశాను, చాలా బాగుంది. కానీ గొట్టాల దాకా వచ్చే నీరే తేటగా ఉంది. ముందు ఏ మందు వాడుతున్నారు? కాగితంలో రాయాలి."

నేను నోరు తెరిచాను. ఊరి ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. నా నోట ఆ మాట వస్తే ఇన్నాళ్ల చాటుచెయ్యి బజారున పడుతుంది. రాకపోతే అబద్ధం రాయించినట్టవుతుంది.

గంటాలమ్మ గారు అందుకున్నారు. "మందా అండి? మందెక్కడిదండి మాకు? గట్టు మీంచి ఒక్క సీసా వచ్చి ఎన్నేళ్లయిందో మీ కాగితాల్లోనే ఉంటుంది చూడండి."

"మరి ఈ నీరు ఇలా ఎలా తేరుతోందండి?"

"గవర్రాజు గారి ఇంట్లో కాసేపు కూర్చుని వస్తుందండి. ఆయనిల్లు అలాంటిది. ఎవరైనా నెమ్మదించాల్సిందే."

సలీమా మా గుమ్మం దగ్గరకు వెళ్లింది. తూము చెక్క మీద వేలు రాసి వాసన చూసింది. ఆవిడ చదువుకున్న మనిషి, ఒక్క క్షణంలో గ్రహించింది. ఊరి వైపు చూసింది, ఆడవాళ్ల గోళ్ల వైపు చూసింది. మొట్టమొదటిసారి నవ్వింది.

"మా అమ్మమ్మది కూడా నది ఒడ్డేనండి," అంది. కాగితంలో మందుల గడిలో ఏమీ వాడటం లేదని రాసి, నాకు చూపించి, సంతకం పెట్టింది. అది అబద్ధం కాదు. మునగగింజ కూరగాయ.

తరువాత నన్ను పక్కకు పిలిచింది. "దిగువ పంట్లవాడలో ఐదు బిందెలు కూడా రావడం లేదండి. మఖ ముగిసేలోపు వాళ్ల మోకులు విప్పాలి. విప్పడం నాకిష్టం లేదు. మీరు వచ్చి ఈ ఏర్పాటు కట్టి చూపిస్తారా?"

వస్తానన్నాను. అనడంలో ఆలస్యం చేయలేదు. నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఇంకొక ఊరు నన్ను పని నేర్పమని పిలిచింది. ఆ సంతోషం దాచుకునేంత చిన్నది కాదు.

నమోదు 433. మఖ, మొదటి పాదం

పడవ సిద్ధమైంది. తీసుకువెళ్లేవి రాసుకున్నాను. తీగె చుట్టలు, వలలు, గాజు లోటా, పలకల కొలతలు, నూకరాజు. ("నేను సామాన్లలో ఐదోవాణ్ణా బావా?" అన్నాడు. తీగె తరువాత చేర్చమంటే చేరుస్తానన్నాను.) వడపోత పంటును మేము తిరిగి వచ్చేదాకా గంటాలమ్మ గారే చూస్తారు. దగ్గడం కూడా ఆమెకే అప్పగించాను.

జాబితా పూర్తయ్యాక ఒక చిక్కు మిగిలింది. తీగెలు నేను కట్టి చూపించగలను. పంటు కడుపు నూకరాజు కడతాడు. కానీ నీటిలో మట్టిని దింపేది మేమిద్దరం కాదు. ఆ సంగతి నోటితో చెప్పడానికి నాకు హక్కు లేదు. చెప్పకపోతే దిగువ పంట్లవాడ నీరు కడుపులో ఎంతసేపు కూర్చున్నా తేరదు. ఆ ఊరి మోకులు విడిపోతాయి. పొద్దుటి నుంచి ఇదే ఆలోచిస్తూ పడవ దగ్గర నిలబడ్డాను.

మంగతాయారు వచ్చింది. పెద్ద వెదురుబుట్ట నెత్తిన పెట్టుకుని, దాని మీద చీర కప్పి, పడవలోకి ఎక్కింది. వెనకాల మా ఊరి ఆడవాళ్లు మరో నలుగురు ఎక్కారు. వాళ్ల బుట్టల మీదా చీరలున్నాయి.

"మీరెక్కడికి?" అన్నాను.

"మాకక్కడ చుట్టాలున్నారండీ."

"దిగువ పంట్లవాడలోనా? ఎవరు?"

"వెళ్తే ఉంటారు," అంది. "మీరు మీ తీగెలు చూసుకోండి. అక్కడి ఆడవాళ్లతో మేం కబుర్లు చెప్పుకుంటాం."

పడవ అంచు నీటికి దగ్గరగా దిగింది. అంత బరువు చీరల మూటలకు రాదు. నూకరాజు నావైపు చూసి కన్ను గీటాడు. గంటాలమ్మ గారు తాడు వదిలారు. నేను పడవ ముందువైపుకు వెళ్లి, వెనక్కి తిరగకుండా, ఊరు వినేటట్టు గట్టిగా దగ్గాను.